సోలార్ కోళ్ల గూటి తలుపు మొరాయిస్తే: వైరింగ్‌లో లోపం ఎక్కడ వెతకాలి

చీకటి పడుతుండగా కోళ్లు తమంతట తామే గూటికి చేరతాయి. ఎవరూ తోలనక్కర్లేదు. చీకట్లో వాటికి చూపు సరిగా ఆనదు కాబట్టి, ఒకసారి కర్ర ఎక్కి కూర్చుంటే తెల్లారేదాకా కదలవు. అడవి పిల్లికీ, నక్కకూ, ఊరకుక్కకూ కావలసింది సరిగ్గా అదే. (పట్టపగలే వచ్చే ముంగిస సంగతి వేరు. దాన్ని ఏ తలుపూ ఆపలేదు.) గూటి తలుపు ఒక్క రాత్రి తెరిచి ఉన్నా మందలో సగం మిగలకపోవచ్చు. దీనికి ఎదురు ప్రమాదం ఇంకొకటి ఉంది. మే నెలలో రేకుల కప్పు కింద తలుపు పొద్దున తెరుచుకోకపోతే, పది గంటలయ్యేసరికి వేడికే కోళ్లు చచ్చిపోతాయి.

ఈ రెండు పూటలా మనిషి ఉండనక్కర్లేకుండా చేయడానికి వచ్చిందే సోలార్‌తో నడిచే ఆటోమేటిక్ తలుపు. బ్రిటన్, అమెరికాల్లో పెరట్లో కోళ్లు పెంచేవారికి ఇది చాలాకాలంగా మామూలు వస్తువు. మన దగ్గర కథ వేరు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లూ బాతుల వంటి పెంపుడు పక్షులు 85.18 కోట్లు ఉంటే, అందులో పెరటివి 31.7 కోట్లు. వాటిలో అత్యధికం రాత్రిపూట గంప కిందో, మట్టి గూటిలోనో పడుకునేవే. వాటికి మోటారు తలుపు అవసరమూ లేదు, గిట్టుబాటూ కాదు. ఊరికి దూరంగా తోటలో వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి జాతులను ఆరుబయట తిప్పి పెంచేవారు, వారానికోసారి ఫామ్‌హౌస్‌కు వెళ్లేవారు, కరెంటు స్తంభం దగ్గరలో లేనివారు మాత్రం దీనివైపు చూస్తున్నారు. చాలామంది విడిభాగాలు తెప్పించుకుని స్థానిక ఎలక్ట్రీషియన్‌తో బిగించుకుంటారు. తలుపు ఆగిపోతే ఇంటి వైరింగ్ మాత్రమే తెలిసిన ఆ ఎలక్ట్రీషియన్ మొదట అనే మాట, మోటార్ పోయింది అని. ఎక్కువసార్లు మోటార్ బాగానే ఉంటుంది.

లోపల ఉండేవి ఆరే వస్తువులు. 5 నుంచి 20 వాట్ల సోలార్ ప్యానెల్, ఛార్జ్ కంట్రోలర్, 12 వోల్టుల బ్యాటరీ, వెలుతురునో గడియారాన్నో చూసి ఆజ్ఞ ఇచ్చే బోర్డు, తలుపును ఎత్తి దించే మోటార్, తలుపు చివరికి చేరగానే మోటార్‌ను ఆపే లిమిట్ స్విచ్‌లు. అన్నీ కలిపి అమ్మే రెడీమేడ్ తలుపుల్లో చిన్న లిథియం సెల్‌తో ఇవన్నీ ఒకే డబ్బాలో ఇమిడిపోతాయి. వాటిలో విప్పి చూడగలిగేది తక్కువ. ఇక్కడి వివరణ విడివిడిగా బిగించిన 12 వోల్టుల ఏర్పాటు గురించి.

తలుపు తినేది కొంచెమే, బోర్డు తినేది ఎక్కువ

లోపం వెతికే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. 3 ఆంపియర్లు తీసుకునే మోటార్ పొద్దున 20 సెకన్లు, సాయంత్రం 20 సెకన్లు తిరిగితే రోజు ఖర్చు 0.033 ఆంపియర్-గంటలు మాత్రమే. ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నట్టు కనిపించే బోర్డు, ఛార్జ్ కంట్రోలర్ కలిసి 20 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంటే 24 గంటలకు అయ్యేది 0.48 ఆంపియర్-గంటలు. అంటే మోటార్ ఖర్చుకు 14 రెట్లు. రాత్రంతా రిలేను పట్టి ఉంచే బోర్డు అయితే ఆ కాయిల్ మరో 30 మిల్లీ ఆంపియర్లో, అంతకంటే ఎక్కువో అదనంగా లాగుతుంది.

ఇప్పుడు రాబడి వైపు చూస్తే, 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో అర ఆంపియర్‌కు కాస్త ఎక్కువ ఇస్తుంది. రోజుకు నాలుగైదు గంటల నిండు ఎండతో సమానమైన వెలుతురు దొరికితే సుమారు 2.5 ఆంపియర్-గంటలు వస్తాయి. ఇది అవసరానికి అయిదు రెట్లు. దట్టంగా మబ్బు పట్టిన రోజు అందులో పదో వంతు వచ్చినా గొప్పే. అప్పుడు రాబడి 0.25, ఖర్చు 0.51. కంప్యూటర్ యూపీఎస్‌లలో వాడే 7 ఆంపియర్-గంటల కొత్త బ్యాటరీలో సగం దాకా వాడుకోనిస్తే ఈ లోటును పదిరోజులకు పైగా భరిస్తుంది. అదే 5 వాట్ల ప్యానెల్ పెట్టి, పాతబడి 3 ఆంపియర్-గంటలు మాత్రమే నిలుపుకోగలిగిన బ్యాటరీతో నడిపితే నాలుగో రోజుకే చేతులెత్తేస్తుంది. ఏడాదంతా పనిచేసి జులైలోనో ఆగస్టులోనో ముసురు పట్టినప్పుడు ఆగిపోయిన తలుపు విషయంలో తీగలు విప్పే ముందు ఈ లెక్క చూసుకుంటే చాలా శ్రమ తప్పుతుంది.

బోర్డు ఊరికే ఎంత తీసుకుంటోందో కొలవాలంటే బ్యాటరీ ప్లస్ తీగ విప్పి మధ్యలో మల్టీమీటర్‌ను మిల్లీ ఆంపియర్ల రేంజిలో పెట్టాలి. అంతకు ముందే మోటార్ తీగలు తీసేయాలి. కొలుస్తుండగా మోటార్ తిరిగిందంటే మీటర్ లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

ఊరికే ఉన్న బ్యాటరీ అబద్ధం చెబుతుంది

అన్నిటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఒక్కటే. తలుపు కదలనప్పుడు బ్యాటరీకి మీటర్ పెట్టి చూస్తారు. 12.5 వోల్టులు చూపిస్తుంది. బ్యాటరీ బాగుందని తేల్చేసి బోర్డునో మోటార్‌నో మార్చేస్తారు. ఆ 12.5 అనేది పని లేకుండా కూర్చున్నప్పటి అంకె. లోపల సల్ఫేట్ పేరుకున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు 12.5 చూపించి, మోటార్ 3 ఆంపియర్లు అడగగానే 9కి పడిపోగలదు. మోటార్ ఆగగానే మళ్లీ 12కి లేచి కూర్చుంటుంది.

ఇలాంటప్పుడు తలుపు ప్రవర్తన కూడా విచిత్రంగా ఉంటుంది. ఒక అంగుళం లేస్తుంది, ఆగుతుంది. రిలే టిక్ టిక్‌మంటుంది. మళ్లీ ఒక అంగుళం లేస్తుంది. వోల్టేజి పడిపోగానే బోర్డు స్పృహ తప్పి, మోటార్ ఆగగానే మళ్లీ మేలుకుని, మొదటినుంచి మొదలుపెట్టడం దీనికి కారణం. గడియారంతో నడిచే బోర్డు అయితే ఈ గొడవలో టైమ్ కూడా సున్నాకు వెళ్లిపోవచ్చు. మర్నాడు తలుపు అర్ధరాత్రి తెరుచుకుంటుంది. చూసినవాళ్లు టైమర్ చెడిపోయిందనుకుంటారు.

కాబట్టి కొలత ఎప్పుడూ మోటార్ తిరుగుతుండగానే తీసుకోవాలి. ఒకరు తలుపు మీట నొక్కుతుంటే మరొకరు బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మీటర్ పట్టుకోవాలి. ఆ క్షణంలో 12 దగ్గర నిలబడితే బ్యాటరీ మంచిదే. 11 కిందికి జారితే అనుమానించాలి. మోటార్ కదలని పరిస్థితుల్లో కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి చాలు. అది సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. నిండా ఛార్జ్ అయిన 7 ఆంపియర్-గంటల బ్యాటరీకి దాన్ని తగిలించి అయిదు నిమిషాలు ఉంచినా వోల్టేజి 12 దరిదాపుల్లో ఉండాలి. నిమిషంలోనే 11 దాటి పడిపోతే ఆ బ్యాటరీకి కాలం చెల్లినట్టే.

ఊరికే ఉన్నప్పటి అంకెకూ ఒక విలువ ఉంది. అది రాత్రి గడిచాక, ఎండ తగలకముందు చూసింది అయి ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.7 నిండుకుండ, 12.2 సగం, 11.8 అంటే దాదాపు ఖాళీ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ కొలమానం పనికిరాదు. అది దాదాపు చివరిదాకా 13 చుట్టూనే ఉండి, తర్వాత లోపలి రక్షణ సర్క్యూట్ ఒక్కసారిగా కోసేస్తుంది. అప్పుడు మీటర్ సున్నా చూపించవచ్చు. పోయిందని పారేయకుండా ముందు సరైన ఛార్జర్ పెట్టి చూడాలి.

బ్యాటరీ దగ్గర 12 ఉండి మోటార్ దగ్గర 10 ఉంటే, మధ్యలో 2 వోల్టులు తిన్నది తీగ. బ్యాటరీ ఇంటి పంచన, గూడు పెరటి చివర ఉన్నచోట ఇది తరచూ జరుగుతుంది. 10 మీటర్ల దూరానికి రాకపోకలు కలిపి 20 మీటర్ల తీగ పడుతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ వాడితే 3 ఆంపియర్ల దగ్గర 2 వోల్టులకు పైగా పోతుంది. 1 చదరపు మిల్లీమీటర్ తీగలో సుమారు 1.1 వోల్టులు, 2.5 తీగలో అర వోల్టు లోపే పోతుంది. 230 వోల్టుల ఇంటి కరెంటులో రెండు వోల్టులు పోతే ఎవరికీ పట్టదు. 12లో రెండు పోవడమంటే ఆరో వంతు పోవడం. ఇంటి వైరింగ్ అలవాటు ఉన్నవారు ఇక్కడే పొరబడతారు. పైకి రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే చవక తీగ అయితే నష్టం ఇంకా ఎక్కువ. గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది.

తీగ సరిపడా మందంగా ఉన్నా వోల్టేజి పోతుంటే ఎక్కడో జాయింట్ చెడింది. దాన్ని పట్టుకునే పద్ధతి సులువు. మోటార్ తిరుగుతుండగా మీటర్ రెండు కొనలనూ ఒకే తీగకు ఆ చివరా ఈ చివరా పెట్టాలి. ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య పెట్టడం ఇక్కడ కుదరదు. మంచి జాయింట్‌కు అటూ ఇటూ చూస్తే మీటర్ దాదాపు సున్నా చూపుతుంది. ఎక్కడ అర వోల్టో, వోల్టో కనిపిస్తే లోపం అక్కడే. ఫ్యూజ్ హోల్డర్, బ్యాటరీ క్లిప్, పురితిప్పి టేపు చుట్టిన జాయింట్, కంట్రోలర్ స్క్రూ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోతే పది నిమిషాల్లో తేలిపోతుంది. కొత్త మోటార్ కొనడం కంటే ఇది చవక.

ఛార్జింగ్ వైపు

ప్యానెల్ కూడా బ్యాటరీలాగే ఖాళీగా ఉన్నప్పుడు అబద్ధం చెబుతుంది. 12 వోల్టుల ప్యానెల్ అని అమ్మేది తీగలు విప్పి చూస్తే ఎండలో 20 నుంచి 22 వోల్టులు చూపుతుంది. మబ్బులో కూడా 18 దాకా చూపగలదు, ఇచ్చే కరెంటు మాత్రం నామమాత్రం. అందుకని కరెంటే కొలవాలి. మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి ప్యానెల్ రెండు తీగలకూ నేరుగా తగిలిస్తే, మధ్యాహ్నపు ఎండలో 10 వాట్ల ప్యానెల్ అర ఆంపియర్‌కు పైగా చూపాలి. చిన్న ప్యానెల్‌ను ఇలా షార్ట్ చేస్తే దానికేమీ కాదు. ఇదే పని పొరపాటున కూడా బ్యాటరీ మీద చేయకూడదు. 7 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీ సైతం షార్ట్ అయితే తీగను ఎర్రగా కాల్చేంత కరెంటు ఇస్తుంది. కింద వరిపొట్టో రంపపు పొట్టో పరిచిన గూట్లో అది అగ్గిపుల్లతో సమానం. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే 5 ఆంపియర్ల ఫ్యూజ్ ఉండాలనడం అందుకే.

ప్యానెల్ కరెంటు తక్కువ వస్తే ముందు తుడవాలి. తర్వాత నీడ చూడాలి. ప్యానెల్‌లోని సెల్స్ ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి కాబట్టి వేపకొమ్మ నీడ ఒక మూల పడినా మొత్తం రాబడి బాగా తగ్గిపోతుంది. బిగించిన నాడు లేని కొమ్మ రెండేళ్లకు వచ్చి ఉంటుంది.

ప్యానెల్ బాగుండి బ్యాటరీ నిండకపోతే ఛార్జ్ కంట్రోలర్ దగ్గర ఒక గుర్తు ఉంది. చవకగా దొరికే పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ ఛార్జ్ చేస్తున్నప్పుడు ప్యానెల్‌ను బ్యాటరీకి నేరుగా కలిపేస్తుంది. అప్పుడు ప్యానెల్ టెర్మినళ్ల దగ్గర కూడా బ్యాటరీ వోల్టేజికి కాస్త ఎక్కువగా, 13 లేదా 14 వోల్టులే కనిపించాలి. మధ్యాహ్నం అక్కడ 20 ఉండి, బ్యాటరీ దగ్గర 12.3 ఉందంటే కరెంటు అవతలికి వెళ్లడం లేదు. ఫ్యూజ్ పోయి ఉండాలి, స్క్రూ వదులై ఉండాలి, లేదా కంట్రోలరే చెడి ఉండాలి. బిగించేటప్పుడు బ్యాటరీని ముందు, ప్యానెల్‌ను తర్వాత కలపాలన్న నియమమూ ఊరికే పెట్టలేదు. కంట్రోలర్ తాను పనిచేయాల్సింది 12 వోల్టులకా, 24కా అన్నది బ్యాటరీని చూసే నిర్ణయించుకుంటుంది.

ఈ కంట్రోలర్‌లో మరో ఉచ్చు ఉంది. వీటిని వీధిదీపాల కోసం కూడా అమ్ముతారు కాబట్టి, లోడ్ టెర్మినల్‌కు దీపాల మోడ్ ఉంటుంది. ఆ మోడ్‌లో లోడ్‌కు కరెంటు పొద్దు గుంకాకే వస్తుంది, తెల్లారగానే పోతుంది. తలుపు బోర్డును దానికి కలిపి ఉంటే సాయంత్రం చక్కగా మూసుకుని పొద్దున తెరుచుకోదు. అన్నీ బాగున్నా పొద్దున మాత్రం ప్రాణం లేనట్టుండే తలుపుల్లో మొదట చూడాల్సింది ఈ సెట్టింగే. బ్యాటరీ 11 వోల్టుల దగ్గరికి పడితే లోడ్‌ను కోసేసి, 12.6 దాకా కోలుకున్నాకే తిరిగి ఇవ్వడం కూడా కంట్రోలర్ల అలవాటు. తలుపు మధ్యాహ్నం దాకా ఆలస్యంగా తెరుచుకోవడం వెనక తరచూ ఉండేది ఇదే.

చీకటి పడిందని తెలియని సెన్సార్

వెలుతురు సెన్సార్ అంటే చాలావరకు ఎల్‌డీఆర్ అనే చిన్న బిళ్ల. వెలుతురులో దాని నిరోధం కొన్ని వందల ఓమ్‌లకో, వేలకో తగ్గుతుంది. చీకట్లో లక్షల ఓమ్‌లకు పెరుగుతుంది. తీగలు విప్పి మీటర్ పెట్టి, వేలితో మూసి తెరిస్తే అంకె అటూ ఇటూ పరుగెత్తాలి. కదలకపోతే మార్చాలి. దాని ఖరీదు పది ఇరవై రూపాయలు. అది బాగుండి కూడా తలుపు రాత్రి మూసుకోకపోతే, రాత్రిపూట వెళ్లి గూటి దగ్గర నిలబడి చూడాలి. పక్కింటివారు కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ దీపమో, పంచాయతీ వీధిలైటో దాని మీద పడుతుండవచ్చు. సాలీడు గూడు, దుమ్ము కప్పేస్తే దీనికి వ్యతిరేకంగా తలుపు తొందరపడి మూసుకుంటుంది. బయట మిగిలిన కోళ్లు గుమ్మం దగ్గర గుమిగూడి కనిపిస్తాయి.

ఈ తంటా వద్దనుకుంటే గడియారం బోర్డు ఉంది. హైదరాబాద్‌లో సూర్యాస్తమయం నవంబర్ చివర సుమారు 5.40కి, జులై మొదట్లో 6.55 దరిదాపుల్లో అవుతుంది. తేడా గంటంబావు. ఏడాదికి మూడు నాలుగుసార్లు టైమ్ మారిస్తే సరిపోతుంది. లండన్‌లో ఇదే తేడా అయిదు గంటలు దాటుతుంది. అక్కడివారు సెన్సార్‌కే మొగ్గడంలో అర్థముంది.

మోటార్, లిమిట్ స్విచ్

ఇంతదాకా వచ్చాక మోటార్ వంతు. దాని రెండు తీగలూ బోర్డు నుంచి విప్పి, ఫ్యూజ్ ద్వారా బ్యాటరీకి నేరుగా తగిలించాలి. ఒకవైపు తిరుగుతుంది. తీగలు అటుదిటు మారిస్తే రెండోవైపు తిరగాలి. రెండు వైపులా తిరిగిందంటే మోటార్ నిర్దోషి, నేరం బోర్డుదో రిలేదో. ఒకవైపే తిరిగి, చివరికి పోయి అక్కడే ఇరుక్కుపోతే లిమిట్ స్విచ్ వైపు చూడాలి. కడ్డీలా ముందుకూ వెనక్కూ జరిగే యాక్చుయేటర్లలో చివరికి చేరగానే స్విచ్ కరెంటును ఆపుతుంది. ఎదురు దిశకు మాత్రం కరెంటు వెళ్లేలా స్విచ్‌కు అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది. ఆ డయోడ్ తెగిపోతే వెళ్లిన చోటు నుంచి తిరిగి రాదు.

పొద్దున మూసుకుని సాయంత్రం తెరుచుకునే తలుపు నవ్వు తెప్పించినా, దాని మందు సులువే. మోటార్ తీగలు తారుమారు చేస్తే చాలు. లిమిట్ స్విచ్‌లు బోర్డుకు విడిగా కలిపి ఉంటే వాటినీ మార్చాలి. లేకపోతే పై స్విచ్ కోసం చూస్తూ మోటార్ కిందికి నెడుతూనే ఉంటుంది. తాడు చుట్టే రకంలో ఇదే లక్షణం తీగలతో సంబంధం లేకుండా రావచ్చు. తలుపు గాడిలో పొట్టు ఇరుక్కుని దిగకపోతే, తాడంతా వదులైపోయి ఎదురువైపు చుట్టుకోవడం మొదలవుతుంది. అప్పటినుంచి దించే ఆజ్ఞ తలుపును ఎత్తుతుంది. అది గమనించకుండా వైరింగ్ మార్చినవారు రెండు తప్పులు సరిదిద్దుకోవాల్సి వస్తుంది.

మోటార్ ఆగినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజి బోర్డును తికమక పెట్టకుండా డయోడ్ పెట్టమని చాలామంది చెబుతారు. రిలే కాయిల్‌కు అది సరైన సలహా. రెండు దిశలా తిరిగే మోటార్‌కు అడ్డంగా పెడితే, ఒక దిశలో ఆ డయోడే షార్ట్ అవుతుంది. అక్కడ 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టాలి.

గూటి గాలి

ఇంటి గోడలో ఇరవై ఏళ్లు నిలిచే జాయింట్ కోళ్ల గూట్లో రెండేళ్లు నిలవదు. పెంట నుంచి లేచే అమ్మోనియా తేమతో కలిసి రాగినీ, ఇత్తడినీ తినేస్తుంది. తీగ చివర ఆకుపచ్చగానో నీలంగానో పొడి కనిపిస్తే, ఆ మేర కోసి కొత్త చివర తీయాలి. గీకి మళ్లీ బిగిస్తే నెల తిరక్కుండా మొదటికొస్తుంది. నల్ల టేపు ఇక్కడ రక్షణ కాదు. అది తేమను లోపల దాచిపెడుతుంది. సోల్డర్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే నిలుస్తుంది. రిలే పెట్టెలోకి చీమలు దూరి కాంటాక్టుల మధ్య చచ్చి పేరుకోవడం, బల్లులు గుడ్లు పెట్టడం, ఎలుకలు తీగ కొరకడం మామూలే. తీగ లోపలికి పోయే రంధ్రానికి గ్లాండ్ బిగించి, దానికి ముందు తీగను కిందికి వంచి వదిలితే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. వీలైతే బోర్డునూ బ్యాటరీనీ గూటి బయట, నీడపట్టున పెట్టడమే మేలు. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రేకు కింద అది మూడు వేసవులు గడపదు.

లోపం సరిచేశాక పట్టపగలు సెన్సార్‌ను నల్లగుడ్డతో కప్పి తలుపును నాలుగుసార్లు మూసి తెరిపించాలి. తర్వాత మూడు రోజులపాటు తెల్లవారుజామున బ్యాటరీ వోల్టేజి రాసుకోవాలి. అంకె రోజురోజుకూ తగ్గుతుంటే అసలు లోపం ఇంకా దొరకనట్టే. ఆ మూడు రోజులూ చీకటి పడ్డాక ఎవరో ఒకరు తలుపు చూసి రావాలి. మోటార్ కడ్డీని తలుపుకు కలిపే చోట బోల్టు బదులు చేత్తో లాగేసే పిన్ను పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా చూపించి ఉంచితే, మే నెల పొద్దున తలుపు బిగుసుకుపోయినప్పుడు స్పానర్ కోసం పరుగెత్తే పని ఉండదు.